కార్జపు పుట్టకురుపు - ఊపిరి పరీక్ష

విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు వ్రాయవలసిన మేము ఈ నెల ఒక రోగమును గూర్చి వ్రాయుట సభ్యులలో కొందరికి వింతగా తోచవచ్చును. దీనికి కారణములు రెండు గలవు. తొర్రూరు చుట్టుపట్ల గ్రామములలో తిరుగునపుడు రైతులు పలువురు మమ్ము ఒకే ప్రశ్న యడుగుచున్నారు: "వరంగల్లు రోడ్డు మీద పోలీసులు గొట్టములో ఊదించి, త్రాగినవానిని పట్టుకొనుచున్నారు గదా. అట్లే ఊదినంతనే కార్జములో క్యాన్సరున్నదో లేదో చెప్పు యంత్రము వచ్చినదట. నిజమేనా, సారూ?" ఇది మొదటి కారణము. ఈ రోగమును పుట్టించు హేతువులలో ఒకటి మన కళ్ళములలోను, మన గాదెలలోను తయారగుచున్నది. దానిని గూర్చి చెప్పుట మా పనియే యగుట రెండవ కారణము.

ప్రశ్నకు ముందుగా సమాధానము చెప్పి పిమ్మట వివరింతుము. అట్టి పరీక్షను గూర్చి పరిశోధన జరుగుచున్నమాట నిజము. ఆ పరీక్ష మన ఆసుపత్రులకు వచ్చినదనుట నిజము కాదు.

కాలేయమును మన పల్లెలలో కార్జమందురు. అది కుడివైపున ప్రక్కటెముకల చాటున నుండును. పెద్దవారిలో సుమారు ఒకటిన్నర కిలో తూగును. తిన్న అన్నపు సారము ప్రేగులనుండి నెత్తురులో కలిసి ముందుగా దీని గుండనే పోవలెను. విషములను విరుచుట, పిత్తము నూరించుట, చక్కెరను నిలువచేసి కావలసినపుడు విడుచుట మున్నగు పనులెన్నియో ఇది చేయుచుండును. ఇంత పని చేయుచున్నను ఇది నోరెరుగని ఎద్దువంటిది. లోపలి కండలో నొప్పిని తెలుపు నరములు లేవు. వాచి పైపొర సాగినప్పుడే బాధ తెలియును. చాల భాగము చెడినను మిగిలిన భాగము బండి లాగుచునే యుండును. అందుచేత ఆకలి పోయి, మనిషి చిక్కి, కడుపులో నీరు చేరి, కన్నులు పచ్చబడిన పిమ్మటనే ఇంటివారు మేల్కొందురు.

అప్పుడైనను పెక్కుమంది తిన్నగా వైద్యుని యొద్దకు పోవుటలేదు. పచ్చకామెర్లు వచ్చినవని పసరు పోయించుకొని, ఉప్పుకారములు మాని, నెలయు రెండు నెలలును పత్యము చేయుదురు. పసరు పోయువారిని దూషించుటకు మేమీ మాట వ్రాయుట లేదు. నీటివలనను తిండివలనను వచ్చు మామూలు కామెర్లు చాలవరకు కొన్ని వారములలో తమంతట తామే తగ్గిపోవును. ఆ కీర్తి పసరునకు దక్కును. తగ్గని కామెర్లే దొంగ. అవి వచ్చిన ఇంటిలో ఆ రెండు నెలల కాలము మరల దొరకదు. ఏలయన, కాలేయమందలి గడ్డ ఉసిరికాయకంటె చిన్నదిగా నున్నపుడు దానిని కోసి తీయవచ్చును. సూదిని లోనికి పంపి వేడిచే మాడ్చవచ్చును. కొందరికి కాలేయమునే మార్చవచ్చును. గడ్డ పెరిగి నెత్తురుగొట్టములలోనికి చొచ్చినచో వైద్యుడు చేయగలిగినది ఆయువును కొంత పొడిగించుట మాత్రమే. ముందుగా కనుగొనుటకు లోకమంతట పండితులింత శ్రమపడుట అందువలననే.

ఇక ఊపిరి సంగతి. త్రాగిన సారాయి నెత్తురులో కలియును. నెత్తురు ఊపిరితిత్తులలో గాలికి మిక్కిలి దగ్గరగా వచ్చును. అచ్చట సారాయి కొంత ఆవిరియై ఊపిరితో బయటికి వచ్చును. 100 మిల్లీలీటర్ల నెత్తురులో 30 మిల్లీగ్రాముల సారాయి మించినచో బండి నడుపుట నేరమని చట్టము చెప్పుచున్నది. పోలీసువారి యంత్రము ఊపిరిని కొలిచి ఆ లెక్క కట్టుచున్నది. ఇట్లే ఆవిరి కాగల ద్రవ్యము లితరములును నెత్తురునుండి ఊపిరిలోనికి వచ్చుచుండును. 1971లో అమెరికాలో లైనస్ పాలింగు అను ప్రసిద్ధ రసాయన శాస్త్రజ్ఞుడును అతని తోడివారును మనుష్యుని ఊపిరిలో ఇంచుమించు 250 ద్రవ్యములున్నట్లు చూపిరి. నేడు తెలిసినవి వేలకు చేరినవి.

ఈ ఆలోచన మన రైతునకు క్రొత్తది కాదు. గాదె మూత తీసి ముక్కు దగ్గర పెట్టినంతనే వడ్లు కాగినవో, మాగినవో, పురుగు పట్టినదో చెప్పగల పెద్దలు ప్రతి ఊరిలోను గలరు. వెనుకటి వైద్యులును కాలేయము పూర్తిగా చెడినవాని నోట ఒక విధమైన తీపికుళ్ళు వాసన వచ్చునని గుర్తించి యుండిరి. గంధకముతో కూడిన ఒక ఆవిరి దానికి ముఖ్యకారణమని పిమ్మట తెలిసినది. కాని ముక్కునకు వాసన తగులునప్పటికి గాదెలోని గింజయు చెడియే యుండును, కాలేయమును చెడియే యుండును. ముక్కునకు అందకముందే ఆ మార్పును యంత్రముచేత పట్టగలమా యనునదే నేటి పరిశోధన.

ఒక ఉదాహరణము చెప్పుదుము. నిమ్మ, నారింజ, బత్తాయి తొక్కలను గిల్లినపుడు వచ్చు పరిమళమునకు లిమోనీను అను తైలము మూలము. పండ్లతోను, పానీయములతోను అది మన శరీరములో చేరుచుండును. మంచి కాలేయము దానిని వెంటనే విరిచి బయటికి పంపును. కాలేయము గట్టిపడి ముడుచుకొనిపోయినచో, అనగా వైద్యులు సిర్రోసిసు అను స్థితి వచ్చినచో, ఆ పని సరిగా జరుగక లిమోనీను కొవ్వులో నిలిచి, కొంచెము కొంచెముగా ఊపిరిలోనికి వచ్చును. ఇంగ్లాండులోని బర్మింగుహాము పండితులు 2015లో దీనిని ప్రకటించిరి. కాలేయము మార్చిన పిమ్మట అదే రోగుల ఊపిరిలో లిమోనీను తగ్గుటయు వారు చూచిరి. సాక్ష్యము మంచిదే. అయినను ఇది తెలుపునది ముఖ్యముగా కాలేయము చెడినదని; పుట్టకురుపు పుట్టినదని కాదు.

పుట్టకురుపునే వెదకినవారును గలరు. అమెరికాలోని క్లీవ్‌లాండు క్లినిక్కువారు 2020లో ప్రకటించిన పరిశోధనలో 296 మంది ఊపిరిని పరీక్షించిరి. వారిలో 112 మందికి కాలేయపు పుట్టకురుపు ఉండెను. తక్కినవారిలో ఆరోగ్యవంతులును, ఇతర రోగులును ఉండిరి. ఏ ఒక్క ద్రవ్యమో గాక ఇరువదికి పైగా ద్రవ్యముల హెచ్చుతగ్గులను కలిపి కంప్యూటరుచేత లెక్క కట్టించిరి. పుట్టకురుపు ఉన్నవారిలో నూటికి 73 మందిని ఊపిరి లెక్క పట్టినది. ఇప్పుడు వాడుకలో నున్న ఆల్ఫా ఫీటోప్రోటీను అను నెత్తురు పరీక్ష నూటికి 53 మందిని పట్టినది.

53 కంటె 73 మేలే. కాని రైతు లెక్కను రెండు వైపులనుండి చూడవలెను. 73 మంది దొరికిరనగా 27 మంది తప్పించుకొనిరని యర్థము. ఆ 27 మంది "ఊదితిమి, ఏమియు లేదన్నారు" అని ఇంటికి పోయి నిశ్చింతగా కూర్చుందురు. రెండవవైపు మరియొక చిక్కు గలదు. మాటకు, ఒక ఊరిలో వేయిమంది ఉండగా వారిలో ఇద్దరికి రోగమున్నదనుకొందము. ఆరోగ్యవంతులలో నూటికి పదిమందిని పరీక్ష పొరపాటున రోగులని చెప్పుననుకొందము. ఊరంతయు ఊదినచో ఆ ఇద్దరి కొరకు ఇంచుమించు నూరుగురు లేని భయముతో పట్టణములకు పరుగెత్తి, అప్పుచేసి పరీక్షలు చేయించుకొందురు. కనుక ఏ పరీక్షయైనను ఊరందరికిగాక, ప్రమాదమున్నవారికే ముందు చేయవలెను. మొలక పరీక్షకు సంచిలోని గింజలన్నిటిని నానవేయము గదా.

కొలతలోని కష్టమును గూడ చెప్పవలెను. ఊపిరిలో ఈ ద్రవ్యములు వందకోట్ల పాళ్ళలో కొద్ది పాళ్ళు మాత్రమే యుండును. వేయి వడ్లగింజలు సుమారు 25 గ్రాములు తూగును. ఆ చొప్పున వందకోట్ల గింజలు 250 క్వింటాళ్ళు. పది ఎకరముల పంట రాశిపోసి దానిలో వేరు జాతి గింజలు ఒకటి రెండు వెదకినట్లే ఈ పని. ఊదువాడు ఆ పూట బత్తాయి తినెనా, చుట్ట త్రాగెనా, గదిలో ఫినాయిలు చల్లిరా అనువానిని బట్టియు ఊపిరి మారును. ఒక పరిశోధనాలయములో తేలిన ద్రవ్యములు మరియొకచోట తేలకపోవుటయు గలదు. ఇవి తీరువరకు ఊపిరి పరీక్షకు వైద్యుల నియమములలో స్థానము దొరకదు. ఎవడైన సంతలోనో, శిబిరము పేరనో ఒక గొట్టము తెచ్చి "ఊదుడు, కార్జపు క్యాన్సరును ఇప్పుడే చెప్పెదము" అని డబ్బడిగినచో సభ్యులు నమ్మకూడదు.

మరి ప్రమాదమున్నవారెవరు? మంచి కాలేయములో పుట్టకురుపు పుట్టుట అరుదు. ఏండ్ల తరబడి దెబ్బతిన్న కాలేయములోనే ఎక్కువగా పుట్టును. దెబ్బతీయువానిలో మొదటివి హెపటైటిసు బి, సి అను సూక్ష్మక్రిములు. ఇవి నెత్తురువలనను, శుభ్రముచేయని సూదులవలనను, స్త్రీపురుష సంపర్కమువలనను సోకును; బి క్రిమి కాన్పు సమయమున తల్లినుండి బిడ్డకును సోకును. వీనికి తోడు సారాయి. ఈ కాలమున మధుమేహముతోను స్థూలకాయముతోను కాలేయములో కొవ్వు పేరుకొనుటయు పెరుగుచున్నది. కడపటిది బూజు.

బి క్రిమి విషయమున మన తెలుగువారు గర్వింపదగిన సంగతి యొకటి గలదు. నెల్లూరు జిల్లాలో జన్మించిన వరప్రసాదరెడ్డిగారు స్థాపించిన హైదరాబాదు శాంతా బయోటెక్నిక్సువారు 1997లో షాన్‌వాక్-బి అను టీకాను స్వదేశమున తయారుచేసిరి. అంతకుముందు విదేశములనుండి వచ్చు టీకా సామాన్యుల కందని వెలకు అమ్ముచుండెను; దీనితో వెల మిక్కిలి దిగినది. ఇప్పుడు బిడ్డ పుట్టిన 24 గంటలలోపల ఒకటియు, 6, 10, 14 వారములకు ఐదు రోగముల సూదిలో భాగముగా తక్కినవియు సర్కారు ఆసుపత్రులలో ఉచితముగా వేయుచున్నారు. మొదటి సూదిని "బిడ్డ ఇంకను పచ్చిగా నున్నది" అని కొందరు ముసలమ్మలు అడ్డగించుట మేమెరుగుదుము. తల్లినుండి క్రిమి సోకకుండ ఆపునది ఆ మొదటి సూదియే.

ఇక మా శాఖకు చెందిన బూజు. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు కారణము తెలియక చచ్చినవి. వెదకగా బ్రెజిలు దేశమునుండి వచ్చిన వేరుశనగ పిండిలో అస్పర్జిల్లసు ఫ్లేవసు అను పచ్చని బూజు ఒక విషమును పుట్టించినట్లు తేలినది. దానికి అఫ్లాటాక్సిను అని పేరిడిరి. ఇది మనుష్యులలో పుట్టకురుపును కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1987లో నిర్ణయించినది. చీనాదేశమున షాంఘై నగరములో 18,244 మంది మగవారిని కొన్ని ఏండ్లు గమనించిన పరిశోధన యొకటి గలదు. అఫ్లాటాక్సిను జాడ మాత్రమే గలవారికి పుట్టకురుపు ప్రమాదము సుమారు మూడురెట్లు. బి క్రిమి మాత్రమే గలవారికి ఏడురెట్లు. రెండును గలవారికి ఇంచుమించు అరువదిరెట్లు. ఈ లెక్కను సభ్యులు మరియొకసారి చదువగోరుచున్నాము. మూడును ఏడును కలిసి పది కాలేదు.

ఈ విషము ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో లోపలికి పోయిన ఏమగునో మన దేశములోనే 1974లో చూచితిమి. ఆ యేడు రాజస్థానమందలి బాన్స్‌వాడా, గుజరాతునందలి పంచమహలు జిల్లాలలో కోతకాలమున అకాలవర్షములు కురిసినవి. తడిసిన మక్కజొన్న కంకులను బీదరైతులు అట్లే ఇండ్లలో నిలువచేసి తినిరి. రెండువందలకు పైగా గ్రామములలో కామెర్లు, కడుపులో నీరు కనబడినవి. 397 మంది జబ్బుపడి, 106 మంది చనిపోయిరి. ఆ ఇండ్ల అన్నము తిన్న కుక్కలును అదేరీతిగా చచ్చినవి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థనుండి కృష్ణమాచారిగారును, వారి సహచరులును పోయి పరిశోధించి, 1975లో కారణమును లోకమునకు ప్రకటించిరి. ఆ మక్కజొన్నలో కిలోకు 6 మొదలు 15 మిల్లీగ్రాముల దాక అఫ్లాటాక్సిను ఉండెను. నేడు మన ప్రభుత్వము ధాన్యములో అనుమతించునది కిలోకు 15 మైక్రోగ్రాములు. అనగా ఆ గింజలలో నాలుగువందలు మొదలు వేయిరెట్ల విషమున్నది.

తొర్రూరు ప్రాంతమున వానకాలపు మక్కజొన్న సరిగా అట్టి దినములలోనే చేతికి వచ్చును. కంకి కోసిన పిమ్మట వాన పట్టినచో కుప్పపోసి పట్టా కప్పి నాలుగు దినములు కదపక యుంచుట మన యలవాటు. పట్టా క్రింద చెమటపట్టి కుప్ప కాగును. బూజునకు అంతకంటె మంచి ఇల్లు లేదు. వాన తెరపి యిచ్చినపుడెల్ల పట్టా తీసి, కంకులను పలుచగా పరచి గాలి తగులనీయవలెను. గింజలో తేమ నూటికి 13 లోపునకు దిగినగాని సంచిలో పోయరాదు. పల్లికాయను పీకిన పిమ్మట కాయలు పైకి వచ్చునట్లు చెట్లను తిరగవేసి ఆరబెట్టి, తేమ నూటికి 8 దాక దించవలెను. పూత, ఊడలు దిగు దశలో ఎకరమునకు 200 కిలోల జిప్సము వేసిన కాయ గట్టిపడి బూజు చొరబాటు తగ్గును. పంట చివర నీటి ఎద్దడి తగిలిన చేలలో ఈ విషమెక్కువ యని పటాన్‌చెరువు ఇక్రిశాటువారి పరిశోధనలు చెప్పుచున్నవి. మార్కెట్టులోని తేమ కొలచు యంత్రమునకు అమ్మకపు గింజలనేగాక ఇంటి తిండికి దాచుకొను గింజలను గూడ చూపించుట మంచిది. ధర తెగినదను కోపముతో బూజుపట్టిన గింజలను ఇంటికి మళ్ళించి తినువారిని మేము చూచుచున్నాము. ఉడికించినను, వేయించినను ఈ విషము పూర్తిగా పోదు. పశువునకు వేసినచో కొంత మార్పుచెంది పాలలోనికి వచ్చును.

ఇట్లు హేతువులను తగ్గించుకొనుట యొకవంక. ఇప్పటికే కాలేయము దెబ్బతిన్నవారి మాట మరియొకవంక. ఊపిరి యంత్రము వచ్చువరకు వారు వేచియుండ బనిలేదు. బి క్రిమి నిలిచియున్నవారును, సిర్రోసిసు ఉన్నదని వైద్యుడు చెప్పినవారును, వైద్యుని సలహా ప్రకారము ఆరునెలల కొకసారి కడుపునకు అల్ట్రాసౌండు పరీక్ష, మనవారు స్కానింగు అనునది, చేయించుకొనవలెను. దీనితోబాటు పైన చెప్పిన నెత్తురు పరీక్షను గూడ చేయుదురు. దీనిలో కోతలేదు, సూదిపోటు తప్ప నొప్పిలేదు. ఏండ్ల తరబడి త్రాగినవారును, ఇంటిలో ఎవరైన కాలేయరోగముతో పోయినవారును మొదట బి, సి క్రిముల పరీక్ష చేయించుకొనిన చాలును. 2018 జూలై 28న ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ఈ పరీక్షయు, మందులును సర్కారు ఆసుపత్రులలో ఉచితము. సి క్రిమికి సాధారణముగా పండ్రెండు వారముల మాత్రలతో నూటికి 95 మందికి పైగా నయమగుచున్నది. బి క్రిమికి దినమొక మాత్ర చాలకాలము వాడవలెను. ఒళ్ళు బాగున్నదని నడుమ మానరాదు.

స్కానింగునకు ఒక్కొక్కసారి ఒక్కొక్క చోటికి పోక, వీలైనంతవరకు ఒకేచోట చేయించుకొనుట మేలు. వెనుకటి కాగితములను పట్టాదారు పాసుపుస్తకముతోబాటు దాచి, పోయినప్పుడెల్ల వెంట తీసికొనిపోవలెను. ఆరునెలల క్రింద లేని మచ్చ ఇప్పుడు కనబడుచున్నదా యనునదే వైద్యుడు వెదకునది. పాత బొమ్మ లేనిచో అతడు దేనితో పోల్చును?